ప్రశంసాపత్రంలో లేని మాట – ఒక ఉత్తరంలో ఉంది

మేజర్ సోమ్‌నాథ్ శర్మ నాకు మొదట ఒక ప్రశంసాపత్రంగానే తెలుసు. డెహ్రాడూన్‌లో క్యాడెట్‌గా ఉన్నప్పుడు పరమవీర చక్ర గ్రహీతల పేర్లు, యుద్ధాలు, తేదీలు వరుసగా బట్టీ పట్టాం. ఆ జాబితాలో మొదటి పేరు ఆయనదే. సీనియర్లు అడిగితే నిటారుగా నిలబడి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాలి. బడ్‌గామ్, 1947 నవంబరు 3, నాలుగో కుమావ్ బెటాలియన్, డి కంపెనీ. అంతే. తప్పు చెప్పకుండా బయటపడితే చాలనుకునే వయసు. ఆ పేరు వెనుక పాతికేళ్లు కూడా నిండని ఒక కుర్రవాడు ఉన్నాడన్న సంగతి అప్పుడు తట్టలేదు.

ఆయన తల్లిదండ్రులకు రాసిన ఒక ఉత్తరం గురించి చాలా ఏళ్ల తర్వాత చదివాను. అప్పటికి నేనే కంపెనీ కమాండర్‌ని. నా కింద నూరు మందికి పైగా జవాన్లు. ప్రశంసాపత్రం నాకు చెప్పని విషయం ఆ ఉత్తరం చెప్పింది. ఆయనకూ భయం వేసింది.

ఈ వ్యాసం ఆయన జీవితం గురించి. ఆయన్ను మనిషిగా నాకు పరిచయం చేసిన కాగితం గురించి కూడా.

సైనికుల ఇంట్లో పుట్టి...

సోమ్‌నాథ్ 1923 జనవరి 31న ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా ప్రాంతంలో, దాఢ్ అనే ఊరిలో పుట్టారు. తండ్రి అమర్‌నాథ్ శర్మ సైనిక వైద్యుడు. మేజర్ జనరల్ హోదా దాకా ఎదిగారు. తమ్ముళ్లు, చెల్లి కూడా సైన్యంలోకే వచ్చారు. ఒక తమ్ముడు సురీందర్‌నాథ్ లెఫ్టినెంట్ జనరల్ అయ్యారు. మరో తమ్ముడు విశ్వనాథ్ 1988 నుంచి 1990 వరకు భారత సైన్యాధిపతిగా పనిచేశారు. చెల్లెలు కమల సైన్యంలో వైద్యురాలు.

అలాంటి ఇంట్లో తండ్రి ఎప్పుడూ ఎక్కడో ఒక కంటోన్మెంట్‌లో ఉంటాడు. పిల్లలు హాస్టళ్లలో చదువుకుంటారు. సోమ్‌నాథ్ కూడా నైనీతాల్‌లోని షేర్‌వుడ్ కాలేజీలో, తర్వాత డెహ్రాడూన్‌లోని సైనిక కళాశాలలో చదివారు. అటువంటి కుటుంబాన్ని కలిపి ఉంచే దారం ఉత్తరమే. ఈ మాట నా అనుభవంతో చెబుతున్నాను. మా పిల్లల బాల్యం సగానికి సగం నాకు నా భార్య రాసిన ఇన్‌లాండ్ లెటర్ల ద్వారానే తెలుసు.

సోమ్‌నాథ్ చిన్నతనంలో తాతగారు ఆయనకు భగవద్గీత చెప్పేవారు. యుద్ధభూమిలో నిలబడి చేతులు వణికిన అర్జునుడి కథ, సారథి అతనికి చెప్పిన సమాధానం పసివయసులోనే మనసులో పడ్డాయి. మన ఇళ్లలోనూ తాతలు మనవళ్లకు ఇలాంటి కథలు చెబుతారు. చాలామంది విని మరిచిపోతారు. ఆయన మరిచిపోలేదని చెప్పడానికి రెండు సాక్ష్యాలు మిగిలాయి. ఒకటి ఉత్తరం. రెండోది ఆయన మృతదేహం మీద దొరికింది.

1941 డిసెంబరు

ఆ నెలలో జపాన్ యుద్ధంలోకి దిగింది. మలయా మీద దాడి మొదలైంది. తూర్పు నుంచి యుద్ధం మన గుమ్మం వైపు నడిచి వస్తోంది. సోమ్‌నాథ్‌కు అప్పటికి పందొమ్మిదేళ్లు నిండలేదు. అధికారిగా కమిషన్ అందడానికి ఇంకా రెండు నెలలుంది. ఇంటికి రాసిన ఆ ఉత్తరం ఆ నెలదే.

అందులో ఆయన చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతాను. తనకు అప్పగించిన పని తాను చేస్తున్నానన్నారు. మరణభయం క్షణకాలం కలిగిన మాట నిజమేనని ఒప్పుకున్నారు. కృష్ణుడి బోధ తలచుకుంటే ఆ భయం తగ్గుతోందని, ఆత్మకు చావు లేనప్పుడు శరీరం ఉన్నా పోయినా ఒకటేనని రాశారు. తండ్రిని భయపెట్టడం తన ఉద్దేశం కాదంటూనే, ఒకవేళ తాను చనిపోతే వీరుడిగానే చనిపోతానని, అప్పుడు తనకు ఏ విచారమూ ఉండదని భరోసా ఇచ్చారు.

నేను ఎన్నో ఏళ్లు జవాన్ల మధ్య గడిపాను. ఆ వయసు కుర్రాళ్లు ఎదురుగా నిలబడి నాకు భయంగా ఉంది సాబ్ అని అనరు. ఫోన్‌లో తండ్రితో అసలే అనరు. గొంతు వణికితే అవతలివాళ్లకు తెలిసిపోతుందని మాట మార్చేస్తారు. భోజనం బాగుందా అంటే బాగుంది, చలిగా ఉందా అంటే లేదు. కాగితం ముందు మాత్రం మనిషికి కొంచెం ధైర్యం వస్తుంది. వెంటనే ఎవరూ బదులు చెప్పరు కదా. ఒక వాక్యం రాసి, ఆగి, దాన్ని ఎలా ముగించాలో ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. సోమ్‌నాథ్ ఉత్తరంలో భయం మొదట వచ్చింది, ఆ తర్వాత దానికి సమాధానం వచ్చింది. ఆయన ఆ ఉత్తరం తండ్రి కోసం రాశారు. రాస్తూ రాస్తూ తనను తాను కూడదీసుకున్నారని నాకు అనిపిస్తుంది.

ఆ తర్వాత కొద్దికాలానికే 1942లో ఆయన మేనమామ కెప్టెన్ కృష్ణదత్ వాసుదేవ మలయాలో జపాన్ సేనలను అడ్డుకుంటూ ప్రాణాలు వదిలారు. చావు ఆ ఇంటికి కొత్త ఊహ కాకుండా పోయింది.

హైదరాబాద్ పేరున్న రెజిమెంట్

1942 ఫిబ్రవరి 22న సోమ్‌నాథ్ అధికారిగా చేరిన దళం పేరు వింటే తెలుగు పాఠకుడికి ఆసక్తి కలుగుతుంది. అది పందొమ్మిదో హైదరాబాద్ రెజిమెంట్‌లోని ఎనిమిదో బెటాలియన్. నిజాం రాజ్యంలో బ్రిటిష్ అధికారుల కింద ఏర్పడిన హైదరాబాద్ కంటింజెంట్ ఆ రెజిమెంట్‌కు మూలం. కాలక్రమంలో సైనికుల ఎంపిక కుమావ్ కొండలకు, ఉత్తరాది ప్రాంతాలకు మారిపోయింది. పేరు మాత్రం హైదరాబాదుగానే ఉండిపోయింది. 1945 అక్టోబరులో దాన్ని కుమావ్ రెజిమెంట్‌గా మార్చారు. కాబట్టి స్వతంత్ర భారతపు మొదటి పరమవీరుడు తన సైనిక జీవితంలో ఎక్కువ భాగం హైదరాబాద్ అన్న పేరుతోనే గడిపారు.

బర్మాలోని అరకాన్‌లో ఆ బెటాలియన్ జపాన్ సేనలతో పోరాడింది. నాయకుడు తర్వాత సైన్యాధిపతి అయిన తిమ్మయ్య. అక్కడ జరిగిన ఒక సంగతి కుమావ్ రెజిమెంట్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. సోమ్‌నాథ్ సహాయకుడు బహదూర్ అనే జవాను గాయపడి నడవలేకపోయాడు. సోమ్‌నాథ్ అతన్ని భుజాన వేసుకుని, కాల్పుల మధ్యనే నడవసాగారు. బరువుతో వెనకబడుతున్న ఆయన్ను చూసి, అతన్ని అక్కడే వదిలి వేగంగా రమ్మని తిమ్మయ్య చెప్పారు. ఇతను నా మనిషి, వదలనని సోమ్‌నాథ్ బదులిచ్చారు. చివరికి బహదూర్‌ను క్షేమంగా చేర్చారు. ఆ యుద్ధంలో ఆయన సేవలను అధికారిక నివేదికల్లో ప్రత్యేకంగా ప్రస్తావించారు.

కట్టు కట్టిన చేయి

1947 అక్టోబరు చివరి వారం. 26న జమ్మూ కశ్మీర్ మహారాజు విలీన పత్రంపై సంతకం చేశారు. 27 ఉదయం మన మొదటి దళం శ్రీనగర్ విమానాశ్రయంలో దిగింది. ఆ రోజుల్లో లోయను నిలబెట్టుకోవడమంటే ఆ ఒక్క రన్‌వేను నిలబెట్టుకోవడమే. అది పోతే బలగాలు దిగే దారే లేదు.

సోమ్‌నాథ్ ఎడమ చేతికి అప్పుడు ప్లాస్టర్ కట్టు ఉంది. హాకీ ఆడుతూ ఎముక విరగ్గొట్టుకున్నారు. వైద్యుల లెక్క ప్రకారం ఆయన వెళ్లనవసరం లేదు, వెళ్లకూడదు కూడా. తన కంపెనీ వెళుతుంటే తాను ఆగనని పట్టుబట్టి అనుమతి తెచ్చుకున్నారు. బయల్దేరే ముందు రాత్రి ఢిల్లీలో ఆప్తమిత్రుడు మేజర్ తివారీ దగ్గర గడిపారు. గుర్తుగా ఏదైనా తీసుకోమని మిత్రుడంటే ఆయన పిస్తోలు తీసుకున్నారు. అక్టోబరు 31న కంపెనీతో శ్రీనగర్ చేరారు.

నవంబరు 3న విమానాశ్రయానికి దగ్గర్లోని బడ్‌గామ్ గ్రామం వైపు గస్తీకి కంపెనీలను పంపారు. శత్రువు జాడ కనిపించలేదు. మధ్యాహ్నం మిగతా కంపెనీలు వెనక్కి బయల్దేరాయి. డి కంపెనీని మాత్రం మూడు గంటల దాకా ఉండమన్నారు. ఇంతలో ఊళ్లోని ఇళ్ల వైపు నుంచి కాల్పులు వచ్చాయి. ఇళ్లలో అమాయకులుంటారని ఆయన ఎదురు కాల్పులు జరిపించలేదు. ఇది చిన్న విషయం కాదు. నేను లోయలో పనిచేసినప్పుడు ఇదే నిర్ణయం ఎన్నోసార్లు తీసుకోవాల్సి వచ్చింది. అది ఎంత కష్టమో ఆ స్థితిలో ఉన్నవాడికే తెలుస్తుంది.

అంతలోనే గుల్‌మార్గ్ దిక్కు నుంచి దాదాపు 700 మంది ముట్టడిదారులు మోర్టార్లతో వచ్చి పడ్డారు. మూడు వైపులా చుట్టుముట్టారు. ఒక్కో జవానుకు ఏడుగురు శత్రువులు. సోమ్‌నాథ్ బహిరంగ మైదానంలో ఒక సెక్షన్ నుంచి మరో సెక్షన్‌కు పరుగెత్తుతూ జవాన్లను నిలబెట్టారు. మన విమానాలకు శత్రువు ఎక్కడున్నాడో తెలిసేలా నేల మీద గుడ్డ పలకలు పరిచారు. మనుషులు తగ్గిపోయాక, పనిచేసే ఒక్క చేత్తోనే మ్యాగజైన్లలో తూటాలు నింపి మెషిన్‌గన్నర్లకు అందిస్తూ పోయారు. ఆ పనిలో ఉండగానే ఆయన పక్కనున్న మందుగుండు మీద మోర్టార్ గుండు పడింది.

అంతకు కొద్దిసేపటి ముందే బ్రిగేడ్‌కు వైర్‌లెస్‌లో సందేశం పంపారు. శత్రువు యాభై గజాల్లో ఉన్నాడని, తమ సంఖ్య చాలా తక్కువని, కాల్పులు భీకరంగా ఉన్నాయని, అయినా అంగుళం కూడా వెనక్కి తగ్గక చివరి మనిషి, చివరి తూటా దాకా పోరాడతామని దాని సారాంశం. నాయకుడు పడిపోయాక కూడా కంపెనీ పోరు ఆపలేదు. ఆయనతోపాటు ఇరవై మందికి పైగా అమరులయ్యారు. శత్రువుకు జరిగిన నష్టం అంతకు ఎన్నో రెట్లు. వాళ్ల వేగం అక్కడ తెగింది. ఆ వ్యవధిలో మన బలగాలు దిగాయి. రన్‌వే మన చేతుల్లోనే ఉండిపోయింది.

చొక్కా జేబులో కాగితాలు

మూడు రోజుల తర్వాత ఆయన దేహం దొరికింది. ముఖం చూసి పోల్చుకునే స్థితి లేదు. ఆనవాళ్లు రెండే. మిత్రుడిచ్చిన పిస్తోలు తాలూకు తోలు సంచి, రొమ్ము జేబులో భగవద్గీత పేజీలు కొన్ని.

1941 నాటి ఉత్తరాన్ని, 1947 నాటి ఈ జేబును పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఆరేళ్లు. మొదటిది లేకపోతే రెండోది కేవలం ఒక ఆనవాలు. గుర్తింపు కోసం రాసుకున్న నివేదికలో ఒక వరుస. ఉత్తరం ఉంది కాబట్టి ఆ పేజీలు అక్కడ ఎందుకున్నాయో మనకు తెలుసు. బడ్‌గామ్‌లో కనిపించిన తెగువ ఆ మధ్యాహ్నం పుట్టింది కాదని, పద్దెనిమిదేళ్ల వయసులో భయానికి వెతుక్కున్న సమాధానమే ఆయనతోపాటు అంతదూరం నడిచిందని తెలుసు.

ఆయన చివరి వైర్‌లెస్ సందేశం సైన్యానిది. అది చరిత్రలోకి వెళ్లింది. ఉత్తరం ఇంటిది. సైన్యానికి ధైర్యం చాలు, ఇంటికి మొత్తం మనిషి కావాలి. ఆ రెండూ దొరికిన అదృష్టం చాలా తక్కువమంది వీరుల విషయంలో మనకు కలిగింది.

పరమవీర చక్ర 1950 జనవరి 26న, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా ఏర్పడింది. ఆ పతకాన్ని రూపొందించిన సావిత్రి ఖనోల్కర్ కూతురే సోమ్‌నాథ్ తమ్ముడు సురీందర్‌నాథ్ భార్య. తొలి పతకం అదే ఇంటికి చేరింది. 2023 జనవరిలో అండమాన్ నికోబార్‌లో పేరులేని 21 దీవులకు పరమవీరుల పేర్లు పెట్టినప్పుడు అన్నింటిలో పెద్దదానికి సోమ్‌నాథ్ పేరు వచ్చింది.

సగం రాసిన ఇన్‌లాండ్ లెటర్

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. తొంభైల్లో కశ్మీర్‌లో నా కంపెనీ జవాను ఒకడు ఎదురుకాల్పుల్లో పోయాడు. పేరు చెప్పను. చనిపోయిన సైనికుడి సామాన్లన్నీ లెక్క రాసి ఇంటికి పంపాలి. ఒక సుబేదార్, నేను కూర్చుని అతని ఇనుప ట్రంకు తెరిచాం. రెండు జతల బట్టలు, అద్దం, పాస్‌బుక్, అడుగున సగం రాసిన ఇన్‌లాండ్ లెటర్. నేనిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాను అన్న మామూలు ఎత్తుగడ. తర్వాత గేదె గురించి, అప్పు గురించి. చివర, పుట్టబోయే బిడ్డకు ఏం పేరు పెట్టాలో రెండు పేర్లు రాసి, మూడోది ఆలోచిస్తున్నానని ఆపేశాడు.

భద్రత కారణంగా దాన్ని చదవక తప్పలేదు. చదివినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. జాబితాలో ఉత్తరం, ఒకటి అని రాసి పంపించాను. కొన్నేళ్ల తర్వాత ఆ ఊరు వెళితే ఆ పిల్లవాడు పలకతో వచ్చి నా ముందు కూర్చున్నాడు. ఆ రెండు పేర్లలో మొదటిదే వాడిది. వాడికి తండ్రి గొంతు తెలియదు, నడక తెలియదు. రాత మాత్రం తెలుసు. తన పేరులోని మొదటి అక్షరానికి తండ్రి పెట్టిన తలకట్టు లాగే తానూ పెడతానని చూపించాడు.

ఇలాంటి కాగితం రేపటి పిల్లలకు ఎక్కడ దొరుకుతుంది? జవాను ఈరోజు బిడ్డ ముఖం వీడియోలో చూస్తున్నాడు. అది మంచిదే, నేను కాదనను. వారం రోజుల కింద రాసిన ఉత్తరం కోసం ఫీల్డ్ పోస్టాఫీసు సంచి విప్పే దాకా పడిగాపులు కాసిన మా తరానికి ఆ విలువ తెలుసు. కానీ మాట్లాడిన మాట గాలిలో కలిసిపోతుంది. ఫోన్ పాడైతే సందేశాలు పోతాయి. పాస్‌వర్డ్ చనిపోయినవాడితోనే పోతుంది.

భద్రత కోణం కూడా ఉంది. 2020 జులైలో మన సైన్యం 89 యాప్‌లను ఫోన్ల నుంచి తొలగించాలని సిబ్బందిని ఆదేశించింది. 2023 నూతన సంవత్సరం రోజున మకీవ్కాలో తమ సైనికుల మీద జరిగిన దాడికి మొబైల్ ఫోన్ల వాడకమే ముఖ్య కారణమని రష్యా చెప్పింది. 89 మంది చనిపోయారని ప్రకటించింది. ఉత్తరంలో ప్రమాదం లేదని కాదు. అందుకే యుద్ధకాలంలో ఉత్తరాలను తనిఖీ చేసేవారు. కానీ ఉత్తరం తానున్న చోటును ఆకాశంలోకి చాటదు.

ఆ తనిఖీలో ఒక విచిత్రం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పోరాడిన మన సైనికుల ఉత్తరాలను బ్రిటిష్ సెన్సార్ అధికారులు చదివి, కొన్ని భాగాలను అనువదించి నివేదికల్లో చేర్చారు. వాళ్ల ఉద్దేశం అనుమానం. ఫలితం మాత్రం, చదువు రానివాళ్లు పక్కవాడితో రాయించుకున్న మాటలు కూడా లండన్ గ్రంథాలయంలో ఈనాటికీ భద్రంగా ఉన్నాయి. అసలు ఉత్తరాల్లో చాలావరకు మన ఊళ్ల ట్రంకుల్లో చెదలు తినేశాయి. అనుమానంతో చదివినవాళ్లు దాచారు, ప్రేమతో అందుకున్న మనం పోగొట్టుకున్నాం.

పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లు మనకున్నాయి. తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలోకి వెళ్లిన ఊరది. అలాంటి ఇళ్లలో అటక మీద ఎన్ని ఉత్తరాలుంటాయో! జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు కుటుంబాల అనుమతితో వాటి నకళ్లు తీసి భద్రపరిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. అసలు కాగితం ఇంట్లోనే ఉండాలి, అది వాళ్లది. సరిహద్దులో ఉన్న యువ అధికారులకు నా మనవి ఒక్కటే. నెలకొక ఆదివారం మీ జవాన్ల చేత ఇంటికి ఒక్క ఉత్తరం రాయించండి. ముందు మీరు రాయండి. మీరు రాస్తే వాళ్లు రాస్తారు.

ఇళ్లలో ఉన్నవాళ్లకూ ఒక మాట. సోమ్‌నాథ్ ఉత్తరం మనకు తెలియడానికి ఆయన రాయడం ఒక్కటే కారణం కాదు. 1941లో అది అందుకున్న ఇంట్లో ఎవరో దాన్ని చదివి, పారేయకుండా మడిచి దాచారు. అప్పటికి ఆయన వీరుడు కాదు. ఇంటికి దూరంగా ఉన్న ఒక కొడుకు, అంతే. అయినా దాచారు.

(వ్యాసకర్త విశ్రాంత సైనికాధికారి)